గడ్డి బండి స్టార్ట్ కాని రోజు

పాము కరిచిన అమ్మాయి ఇంకా ఐసీయూలోనే ఉందని పొద్దున్నే హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసి చెప్పింది. ప్రాణానికి ఫరవాలేదని డాక్టర్లు అన్నారట, కానీ కాలి వాపు తగ్గలేదట. "మీ గడ్డి సంగతి ఈ రోజు తేలకపోతే పిల్లలు నా ఆఫీసు ముందు నుంచి లేవరు" అని ఫోన్ పెట్టేసింది. తార్నాకలో మా ఫ్లాట్ మెట్లు దిగుతూ ఆ మాట విన్నాను. వెంటనే ఆటో ఎక్కి క్యాంపస్‌కి బయల్దేరాను.

క్యాంపస్‌లో చెట్లూ పచ్చికా చూసుకునే సూపర్‌వైజర్ని నేను. కాంట్రాక్టు ఉద్యోగం. లేడీస్ హాస్టల్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న మైదానం నా కిందికే వస్తుంది. ఆ ఏడాది వానలు విడవకుండా పడ్డాయి. నేల కాస్త ఆరితే గాని గడ్డి కోసే బండి దింపలేం. ఆరేలోపే మళ్ళీ వాన. చూస్తుండగానే గడ్డి మోకాలు దాటింది. ఆ అమ్మాయి దాని మధ్యనున్న కాలిబాటలో, చెప్పులేసుకుని, క్లాసు నుంచి వస్తూ కాటుకి గురైంది. మా అమ్మాయికన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే.

కొడవళ్ళతో కోసే ఆడవాళ్ళు గడ్డిలోకి దిగేది లేదన్నారు. "మావి మాత్రం కాళ్ళు కావా మేడం" అంది వాళ్ళలో పెద్దామె. నేను బలవంతం చెయ్యలేదు. రెండు రోజులుగా వాన తెరిపిచ్చి నేల కాస్త ఆరింది కాబట్టి, ఇక మిగిలింది కూర్చుని నడిపే గడ్డి బండి. చిన్న ట్రాక్టర్‌లా ఉంటుంది, పొట్ట కింద బ్లేడ్లు తిరుగుతాయి. దాన్ని నడిపే డ్రైవరు అంబర్‌పేట నుంచి వస్తాడు. నాకంటే బాగా పెద్దవాడు. నేను అన్నా అంటాను, ఆయన మేడం అంటాడు.

నేను షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన బండిని బయటికి తోసి, సీట్లో కూర్చుని తాళం తిప్పుతున్నాడు. ఇంజను గుర్రు గుర్రుమని తిరుగుతోంది, అంటుకోవడం లేదు.

"స్టార్ట్ అయితలేదు మేడం" అన్నాడు.

"పెట్రోల్ చూసినావా అన్నా?"

"చూసిన. ఫుల్లున్నది. మొన్నటి సంది గుంటల మీద ఎగిరినప్పుడల్ల బంద్ పడుతుందని చెప్తనే ఉన్న గద."

నిజమే, చెబుతూనే ఉన్నాడు. కుదుపు వచ్చినప్పుడల్లా ఇంజను ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకునేది. పెట్రోల్లో వాన నీళ్ళు కలిశాయేమోనని అనుకున్నాం. అందుకే ఇప్పుడు మొదట ట్యాంకు ఖాళీ చేశాం. కార్బొరేటర్ కింది గిన్నె విప్పి తుడిచాం. డబ్బాలో కొత్త పెట్రోల్ తెప్పించి పోశాం. ఆయన మళ్ళీ ఎక్కి తాళం తిప్పాడు. గుర్రు గుర్రు. అంతే.

ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే పాత గడ్డి దుమ్ము నా ముక్కులోకీ కళ్ళలోకీ పోయింది. లాభం లేదు. ప్లగ్ విప్పితే పెట్రోల్‌తో తడిసి ఉంది. అంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు రావడం లేదు. లాలాగూడ వైపు స్పేర్ పార్టుల షాపులో అలాంటి ప్లగ్ దొరుకుతుందంటే నేనే ఆటోలో పోయి తెచ్చాను. వచ్చేటప్పుడు హాస్టల్ ముందు ఆటో నెమ్మదించింది. మెట్ల నిండా అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. అరవడం లేదు, ఏమీ లేదు. ఊరికే రోడ్డు వైపు చూస్తున్నారు. నేను తల దించుకుని దాటిపోయాను.

కొత్త ప్లగ్ వేసినా అదే తంతు. తిప్పీ తిప్పీ బ్యాటరీ నీరసించింది. క్యాంపస్ వ్యాన్‌ని పక్కకు తెచ్చి దాని బ్యాటరీ నుంచి వైర్లు తగిలించాం. వార్డెన్ మళ్ళీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆ పైన మా ఆఫీసర్ చేశాడు. ఎత్తాను.

"సాయంత్రానికి మైదానం కనపడాలమ్మా. లేకపోతే నేను పైవాళ్ళకి చెప్పేది ఒక్కటే, మీ పేరు."

బండి అమ్మిన కంపెనీ మెకానిక్‌కి ఫోన్ చేశాను. ఎక్కడో దూరపు ఊళ్ళో ఉన్నాడు. ప్లగ్‌ని వైరుకి తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి, డ్రైవర్ని తాళం తిప్పమని చెప్పమన్నాడు. నేను వంగి, అరచేతిని అడ్డు పెట్టుకుని చూశాను. అన్న సీట్లో కూర్చుని తిప్పాడు. నిప్పురవ్వ లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు.

"కాయిల్ పోయినట్టుంది మేడం. పార్టు బయటినుంచి రావాలి. వారం పడుతుంది" అన్నాడు మెకానిక్.

ప్లగ్ బిగించాను, చేతులకి ఏదో ఒక పని కావాలి కాబట్టి. అన్న బండి దిగి చెట్టు కిందికి వెళ్ళి, అటు తిరిగి నిలబడి దగ్గుతున్నాడు. వారం. ఆ వారంలో ఇంకొకరిని కరిస్తే? ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలి అన్నది కూడా మనసులో తిరిగింది, అబద్ధమెందుకు. కానీ ఎక్కువగా తిరిగింది ఆ మెట్ల మీద కూర్చున్న పిల్లల చూపు. నిలబడే ఓపిక లేక బండి సీట్లో కూలబడ్డాను. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాను. ఎవరూ చూడకుండా కాసేపే. తర్వాత వేరే చేసేదేమీ లేక, అన్న తొక్కినట్టే బ్రేకు తొక్కి తాళం తిప్పాను.

బండి స్టార్ట్ అయింది.

చెట్టు కింది నుంచి అన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇద్దరం నవ్వుతున్నాం. "ఏం చేసిన్రు మేడం?" అంటే "ఏమో అన్నా, నువ్వెక్కు తొందరగా" అంటూ దిగాను. నేను లేవగానే ఇంజను ఆగిపోయింది. ఆయన ఎక్కి తిప్పాడు. గుర్రు గుర్రు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. ఆయన దిగి నన్ను ఎక్కమన్నాడు. ఎక్కాను, తిప్పాను. అంటుకుంది.

అప్పుడు ఇద్దరికీ నవ్వు పోయింది.

ఆ బండి సీటు కింద ఒక బటన్ ఉంటుంది. మనిషి బరువు పడితేనే అది నొక్కుకుంటుంది. నొక్కుకోకపోతే ప్లగ్‌కి నిప్పు అందదు. నడిపేవాడు పడిపోతే బ్లేడ్లు ఆగాలని పెట్టిన ఏర్పాటు. ఇన్నేళ్ళుగా ఆయన కూర్చుంటే నొక్కుకున్న బటన్ ఇప్పుడు నొక్కుకోవడం లేదు. సీటు స్ప్రింగు తుప్పుపట్టి గట్టిపడిన మాట నిజమే. అయినా నాకు నొక్కుకుంటోంది.

ఆయన్ని అప్పుడు చూశాను. రోజూ చూసే మనిషినే. వానకోటు కింద రెండు చొక్కాలు వేసుకున్నాడు. బెల్టుకి కొత్తగా పొడిచిన చిల్లులున్నాయి. దవడ ఎముకలు తేలాయి.

"ఎప్పటినుంచి అన్నా ఇట్ల?"

"ఏంది మేడం?"

"ఇట్ల చిక్కిపోయింది."

వానకోటు దగ్గరికి లాక్కున్నాడు. "ఎండకాలం సంది. దగ్గొస్తున్నది. ఆకలైతలేదు. రాత్రయితే చెమటలు పడుతున్నయి. దవాఖానకు పోతే ఏమంటరోనని పోలే."

"ఇంట్లో చెప్పినావా?"

"చెప్పలే. మేడం, ఆఫీసుల చెప్పకుండ్రి. దగ్గుతుండని తెలిస్తే రేపే ఇంకొకరిని పెట్టుకుంటరు." సీటు ఎత్తి బటన్‌కి వచ్చే వైర్లు చూపించాడు. "గీ రెండు కలిపేస్త. స్టార్ట్ అయితది. చీకటి పడకముందే మొత్తం కోస్త."

కటింగ్ ప్లేయర్ నా చేతిలోనే ఉంది. కలిపేస్తే ఆఫీసర్ నోరు మూతపడుతుంది, మెట్ల మీది పిల్లలు లోపలికి వెళ్తారు, ఈయన ఉద్యోగం నిలుస్తుంది. ఒక్క నిమిషం పని. వైర్లు పట్టుకున్నాను కూడా. అంతలో ఆయనకి దగ్గు తెర వచ్చింది. బండి మడ్‌గార్డు పట్టుకుని వంగిపోయాడు. తెర తగ్గాక కూడా వెంటనే లేవలేకపోయాడు. ఈ మనిషి కదిలే బండి మీంచి పడితే, కింద బ్లేడ్లు ఆగవు. వైర్లు వదిలేశాను.

"నువ్వు రోడ్డు మీద నిలబడి చెప్పు. నేను నడుపుతా" అన్నాను.

"మీకు రాదు గద మేడం."

"నువ్వు చెప్తావు కదా."

జీవితంలో స్కూటీ తప్ప ఏమీ నడపలేదు నేను. మొదటి వరుస వంకరగా పోయింది. గడ్డి ఒత్తుగా ఉన్నచోట బండి మూలుగుతుంటే స్టీరింగ్ బిగించి పట్టుకునేదాన్ని. రోడ్డు మీంచి ఆయన చెయ్యి పైకెత్తితే ఆపేదాన్ని, ఊపితే కదిలేదాన్ని. "బ్లేడు జర పైకి లేపుండ్రి, ఒక్కసారే కిందికి కొయ్యొద్దు" అని అరిచి చెప్పి మళ్ళీ దగ్గుతున్నాడు. ప్రతి గజానికీ పాము కనిపిస్తుందని కళ్ళు చీల్చుకుని చూశాను. ఒకసారి ఏదో పొడుగ్గా గోడ వైపు జారిపోయింది. పామో, ముంగిసో, చూసే ధైర్యం లేదు. వెలుతురు తగ్గే వేళకి మైదానం గొడ్డలితో చెక్కినట్టు ఎగుడుదిగుడుగా, కానీ నేల కనపడేలా అయింది. అమ్మాయిలు ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్ళారు.  ఆ తర్వాతి వారం పాము కరిచిన అమ్మాయిని, ఆమె ఇంకా కుంటుతుండగానే, వాళ్ళ నాన్న ఇంటికి తీసుకెళ్ళాడు. తర్వాతి సెమిస్టర్ మొదలయ్యాక తిరిగి వచ్చింది.

మర్నాడు అన్నని బలవంతంగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. లైన్లో ఆయన ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ టీబీ అంది. మందులున్నాయి, మానకుండా వేసుకుంటే తగ్గుతుంది, కొన్నాళ్ళు పనికి పోవద్దు అంది. బయటికి వచ్చి ఆయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"అయిపోయింది మేడం" అన్నాడు. చావు గురించి కాదు, పని గురించి.

సెలవు కావాలంటే కారణం చెప్పక తప్పదు. చెప్పాను. డ్రైవర్లని పంపే కాంట్రాక్టరు నెల తిరక్కుండానే వేరే మనిషిని పంపాడు. నేను ఆఫీసర్ దగ్గర కాళ్ళరిగేలా తిరిగాను. హాస్టల్ పక్కన దగ్గే మనిషిని ఎట్లా పెట్టమంటావు అన్నాడు. అంబర్‌పేటలో వాళ్ళింటికి గుడ్లూ పళ్ళూ పట్టుకుని వెళ్తే, ఆయన భార్య గుమ్మంలోనే నిలబడి సంచి తీసుకుంది. "మందులు మంచియే మేడం. ఇంట్లకు ఏం తెచ్చుకోవాల్నో అదే తెలుస్తలేదు" అంది. లోపలికి రమ్మనలేదు.

ఆయన్నుంచి జబ్బు ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ రాసిచ్చాకే ఆఫీసర్ మెత్తబడ్డాడు. బండి డ్రైవరుగా కాదు, నర్సరీలో కవర్లలో మట్టి నింపే పనికి, అదీ తక్కువ జీతానికి. ఆయన ఒప్పుకున్నాడు. మొదటి రోజుల్లో మధ్యాహ్నం ఆయన భార్య బస్సులో టిఫిన్ డబ్బా తెచ్చేది. అన్నం తినేదాకా పక్కనే కూర్చుని, మాత్ర తీసి అరచేతిలో పెట్టి, ఆయన మింగాక నోరు తెరవమనేది. ఆయన తెరిచేవాడు. ఆమె చూసి, డబ్బా సర్దుకుని, నాకేసి ఒకసారి తలూపి గేటు వైపు నడిచేది.