తలకెక్కిన శిరస్త్రాణం

సిగ్గుతో చచ్చిపోయానని చాలామంది మాటవరసకి అంటారు. నేను నిజంగానే చచ్చాను. చోడవరంలో, పట్టపగలు, కాలేజీ వార్షికోత్సవంలో, తలకి ఇనప రేకు బిగించుకుని, ఊరంతా చూస్తుండగా చచ్చాను. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను గానీ, అది చచ్చినవాడు చేసిన ఉద్యోగమే. ఎలా చచ్చానో చెబుతాను, వినండి. మధ్యలో నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు.

తొంభైల్లో సంగతి ఇది. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఊళ్ళో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఎం.ఏ. పట్టా మీద సిరా ఇంకా ఆరలేదు. ప్రపంచంలో నాకు తెలియనిది ఉంటుందేమోనన్న అనుమానం కూడా ఇంకా కలగలేదు. ఒకరోజు పాతకాలపు యుద్ధాల గురించి ఆవేశంగా చెబుతుంటే, ముందు బెంచీలో ఉన్న అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఆ ఇనప సొక్కాలేసుకుంటే సెమట పట్టీదు కాదేటండి?"

మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. త్వరలో ప్రయోగం ద్వారా నిరూపిస్తానని గంభీరంగా ప్రకటించి బయటికొచ్చేశాను. స్టాఫ్ రూముకి చేరేలోపు ఆ ప్రకటన నన్ను పూర్తిగా ఆవహించింది. మధ్యయుగపు కవచం ఒకటి తయారుచేసి, తొడుక్కుని, వార్షికోత్సవంలో కత్తియుద్ధం చేసి చూపిస్తానని ప్రిన్సిపాలు గారికి మాటిచ్చేశాను. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఇన్సూరెన్సు ఉందా అని మాత్రం అడిగారు.

పరిశోధన కోసం విశాఖపట్నం బస్సెక్కాను. అక్కడి లైబ్రరీలో ఇటిక లాంటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నిండా కవచాల బొమ్మలే. దాన్ని బయటికి ఇవ్వరు. ఆ పూట కరెంటు లేదు కాబట్టి జిరాక్సు లేదు. బటర్ పేపరు కొనుక్కొచ్చి బొమ్మల మీద పరిచి పెన్సిలుతో దించడం మొదలుపెట్టాను. బొమ్మల కింద నంబర్లే ఉన్నాయి. ఏ నంబరు ఏమిటో వివరాలన్నీ పుస్తకం చివర చీమల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. బొమ్మ కళ్ళకి కనిపిస్తుంటే మళ్ళీ మాటలు దేనికని వాటి జోలికి పోలేదు. పైగా బస్సుకి టైమవుతోంది.

దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నా పతనం మొదలైన చోటు ఇదే.

దించిన బొమ్మల్లో ఒకటి నన్ను కట్టిపడేసింది. ఒంటరిగా ఉన్న ఉక్కు ముఖం అది. పొడుగ్గా ఉండి కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. కళ్ళకి కన్నాలు ముందువైపు లేవు, చెరో పక్కా ఉన్నాయి. నెత్తిమీద ఆకుల్లాంటి రెండు దొప్పలు. ముక్కు దగ్గర కాస్త ఉబ్బు. వీరుడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. కళ్ళు పక్కలకి ఎందుకున్నాయని ఆలోచిస్తే, బస్సు సబ్బవరం దాటేలోగా దానికో సిద్ధాంతం కూడా పుట్టేసింది. ఆ కాలపు యోధుడు శత్రువుని సూటిగా చూడడు, పక్కచూపుతో మోసగించి దెబ్బకొడతాడు. మర్నాడు దీన్ని బోర్డు మీద రాసి, కింద గీతకూడా గీశాను. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు. ఆ నోట్సు ఇప్పటికీ ఎవరి దగ్గరైనా ఉంటే, మీకు పుణ్యం ఉంటుంది, చించేయండి.

గొలుసు చొక్కా వరకు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడను. తీగని ఇనప ఊచకి చుట్టి, కత్తిరించి, ఒక్కొక్క రింగుని నాలుగు రింగుల్లోంచి దూర్చి మూసేవాళ్ళం. రెండు సెక్షన్ల పిల్లలు రెండు నెలలపాటు మధ్యాహ్నం భోజనాలయ్యాక అదే పని. అందరి వేళ్ళకీ ప్లాస్టర్లే. చివరికి మోకాళ్ళదాకా చొక్కా తయారైంది. లోపల బొంతగుడ్డతో కుట్టించిన కోటు, పైన ఇది. తొడుక్కుని కాలేజీ చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చి, ఆ అమ్మాయికి జవాబు చెప్పాను. చెమట పడుతుంది. బకెట్లతో పడుతుంది.

ఉక్కు ముఖం మాత్రం మా వల్ల అయ్యే పని కాదు. అనకాపల్లిలో ట్రంకుపెట్టెలు చేసే కరీం సాహెబు గారి గురించి ఎవరో చెప్పారు. అరవై దాటిన మనిషి. ఆయన చేసిన పెట్టె మూత వేస్తే చప్పుడు కూడా మెత్తగా వస్తుందని పేరు. నా బటర్ పేపరు తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, ఎండలోకి పట్టుకెళ్ళి చాలాసేపు చూశారు.

"మేష్టారూ, ఇది మనిషిదేనా?" అని అడిగారు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం చచ్చిపోతుంది. "రేకు పని మీరు చూడండి, చరిత్ర నేను చూసుకుంటాను" అన్నాను.

ఆయన ఏమీ అనుకోలేదు. ఆ రెండు దొప్పలూ దేనికని అడిగితే, నెమలీకలు గుచ్చుకోడానికని తడుముకోకుండా చెప్పాను. ముందువైపు రెండు కన్నాలు పెడితే దారి కనిపిస్తుందన్నారు. ఆధారం లేకుండా కన్నం పెట్టడం చరిత్రకి ద్రోహమన్నాను. కనీసం వెనక రేకుకి బోల్టులు కాకుండా గొళ్ళెం పెడతాను, ఎవరి సాయం లేకుండా మీరే తీసుకోవచ్చు అన్నారు. అదీ బొమ్మలో లేదన్నాను. ఆ మాటకొస్తే వెనక రేకే బొమ్మలో లేదు. అది నేను కలిపిందే. ఆయన నా తల కొలత తీసుకుని, బొమ్మని దానికి తగ్గట్టు పెంచి, పది రోజుల్లో చేసిచ్చారు. అంచులు వేలికి గీసుకోకుండా మడిచి, అద్దంలా మెరిపించి ఇచ్చారు. అంత బాగా కుదిరేసరికి, వార్షికోత్సవానికి తప్పకుండా రమ్మని నేనే పిలిచాను.

నాతో తలపడే వీరుడు మా డ్రిల్లు మేష్టారు పైడిరాజు. కర్రసాములో చుట్టుపక్కల పేరున్నవాడు, నెమ్మదస్తుడు. సాధన చేసేటప్పుడు నేను శిరస్త్రాణం పెట్టుకోలేదు. దాన్ని నేరుగా సభలోనే ఆవిష్కరించాలని నా ఉబలాటం. నా పరిశోధన విలువ తెలిసినవాడు ఒకడైనా ఉండాలని, రిటైరైన చరిత్ర ప్రొఫెసరు ఒకాయన్ని బతిమాలి విశాఖపట్నం నుంచి ముఖ్య అతిథిగా రప్పించాను కూడా. గొయ్యి తవ్వుకోవడమే కాదు, లోతు కొలవడానికి మనిషిని కూడా నేనే పిలిపించుకున్నానన్నమాట.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, ఎండ ఇంకా ఉండగానే, తెర వెనక బోల్టులు బిగించారు. నెమలీకలు గుచ్చారు. వేదిక మీదికి నడిచాను. ఎడమకంటికి షామియానా గుంజ కనిపించింది. కుడికంటికి మంచినీళ్ళ కూజా కనిపించింది. మధ్యలో ఉండాల్సిన చోడవరం లేదు.

"గురూ, నేనిటున్నాను," అని ఎక్కడినుంచో పైడిరాజు గొణిగాడు.

వాణ్ణి చూడాలంటే తల పక్కకి తిప్పాలి. తిప్పాను. ఒక కంటితో చూశాను. మళ్ళీ అటు తిప్పి రెండో కంటితో చూశాను. గింజ కనబడ్డ కోడిపెట్ట ఎలా చూస్తుందో సరిగ్గా అలాగే చూశానట. జనం గొల్లుమన్నారు. రేకు లోపల ఆ హోరు నాకు జేజేల్లా వినిపించింది. ఊపు వచ్చి, చెక్క కత్తి ఎత్తి, శత్రువు మీదికి దూకుతున్నాననుకుంటూ వేదిక అంచుకేసి నడిచాను.

పైడిరాజు అది చూసి డాలు కింద పడేసి, పరిగెత్తుకొచ్చి వెనకనుంచి నా గొలుసు చొక్కా పట్టుకున్నాడు. నన్ను ఆపడానికే. నేను దొంగదెబ్బ అనుకున్నాను. గిర్రున తిరిగి బలంకొద్దీ కొట్టాను. టప్పున ఏదో విరిగిన చప్పుడైంది. కత్తి విరిగిందనుకున్నాను. కాదు, వాడి మణికట్టు.

తిరిగిన ఊపుకి నేను కూడా నిలదొక్కుకోలేకపోయాను. వేదిక కిందికి, అక్కడ పెట్టిన మైకు స్టాండు మీదికి బోర్లా పడ్డాను. ముఖం రేకు సొట్టపోయి చెంపకి నొక్కుకుంది. బోల్టులు బిగుసుకుపోయాయి. ఎవరో లాగారు. రాలేదు. ఊపిరాడటం లేదు, ఏమీ కనిపించడం లేదు. భయం వేసింది. భయం వేసినప్పుడు మనిషి లోపల ఉన్నది బయటికి వస్తుంది. నా లోపల ఉన్నది ఇదీ:

"అంతా ఆ సాయిబు వల్లే. కొలతలు తప్పు కొట్టాడు. పెట్టెలు చేసుకునేవాడికి ఈ పని చేతకాదని అప్పుడే అనుకున్నాను."

మైకు నా గడ్డం కిందే ఉంది. నా గొంతు షామియానాకి నాలుగు వైపులా కట్టిన స్పీకర్లలోంచి మోగి, రోడ్డు మీద చెరకు లారీల దాకా వెళ్ళి, తిరిగి నా రేకు లోపలికి వచ్చింది. మైదానంలో నవ్వు టక్కున ఆగిపోయింది.

ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు. "కదలకండి మేష్టారూ, సెవి తెగిపోగలదు," అన్న గొంతు విన్నాను. కరీం సాహెబు గారు. సైకిలు షాపునుంచి రేకు కత్తెర తెప్పించి, కత్తెరకీ నా చెవికీ మధ్య తన వేళ్ళు అడ్డంపెట్టి, కొంచెం కొంచెంగా వెనక రేకు కోశారు. బయటపడి చూస్తే నా చెవి మీద గీత కూడా లేదు. ఆయన రెండు వేళ్ళనుంచి రక్తం కారుతోంది. ఆయన నావైపు చూడలేదు.

ఇంతలో ప్రొఫెసరు గారు వచ్చి, సొట్టపడ్డ శిరస్త్రాణాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఇది చేసిందెవరని అడిగారు. జేబురుమాలు వేళ్ళకి చుట్టుకుంటూ సాహెబు గారు లేచి నిలబడ్డారు. ఇక ఆయనకి చీవాట్లు తప్పవనుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, కాస్త ఊరట కూడా కలిగింది.

"ఇంత మంచి పనితనం నేను మ్యూజియంలో చూశాను, మళ్ళీ ఇక్కడే చూస్తున్నాను," అన్నారు ప్రొఫెసరు గారు. "ముక్కు దగ్గర ఉబ్బు, కళ్ళ చుట్టూ గట్టు, చెవుల తొడుగులు, ఏదీ వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఇది యుద్ధంలో గుర్రం మొహానికి కట్టేది." ఒక్క క్షణం ఆగి, నా తలవైపు చూసి, ఎంతో మర్యాదగా ఇంకో మాట కలిపారు. "సైజుని బట్టి, గుర్రప్పిల్లది అనుకోవచ్చు."

మైకు ఇంకా ఎవరూ కట్టెయ్యలేదు.

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. నేలమీద కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్న పైడిరాజు కూడా నవ్వాడు. నొప్పితో కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వాడు. అందరి నవ్వూ భరించాను గానీ అది భరించలేకపోయాను.

వాడి చేతికి ఆరు వారాలు పిండికట్టు. ఆ ఏడాది వాళ్ళ ఊరి పండగలో కర్రసాము చెయ్యలేకపోయాడు. చిన్నప్పటినుంచీ వాడు తప్పింది ఆ ఒక్క ఏడాదే. వాడి రిజిస్టర్లు నేనే రాసిపెట్టాను, అన్నం క్యారియరు మూత నేనే తీసిపెట్టాను. నేను బోర్డువైపు తిరిగితే చాలు, వెనక బెంచీలోంచి సకిలింపు వినిపించేది. కూరగాయల బజారులో కూడా వినిపించేది.

మూడోరోజు అనకాపల్లి వెళ్ళాను. సాహెబు గారు వేళ్ళకి గుడ్డ కట్టుకుని పెట్టె మూల కొడుతున్నారు. దగ్గరగా వెళ్ళి, పక్కవాళ్ళకి వినబడకుండా, తప్పయిపోయింది, క్షమించమన్నాను. ఆయన సుత్తి పక్కన పెట్టారు.

"నిన్న మీ సోడవరం నుంచి ఒకాయన వచ్చేడు మేష్టారూ. బీరువా సేయించుకుందారని. 'నీకు కొలతలు రావంట కదా' అనేసి ఎల్లిపోయేడు." కోపంగా అనలేదు, వానొచ్చింది అన్నట్టు అన్నారు. "తిట్టింది మైకులో తిట్టేరు. సారీ సెవిలో సెప్తన్నారు. ఊరికెలాగ తెలుస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. జీవితంలో మొదటిసారి, లేదని పైకే చెప్పాను.

తిరిగొచ్చి ఆ బీరువా ఆయన ఎవరో వాకబు చేసి, ఇంటికి వెళ్ళి, సోమవారం ప్రార్థన వేళకి కాలేజీకి రమ్మని వేడుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టి చాలాసేపు నవ్వి, వస్తానన్నాడు. సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళి సాహెబు గారిని వెంటబెట్టుకొచ్చి ప్రిన్సిపాలు గారి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. మైకు పట్టుకున్నాను. కాగితం నిండా రాసుకొచ్చాను గానీ, మూడు వాక్యాలే గొంతు దాటాయి. సాహెబు గారి కొలతల్లో తప్పు లేదు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా సరైనదే. వినని గర్వం నాది, నింద వేసిన నోరూ నాదే. వెనక వరసలో ఎవరో సకిలించబోయి, ఎందుకో మధ్యలో ఆపేశారు.

సాహెబు గారు లేచి, మైకు ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు. ఇప్పుడు నా వంతు తిట్లు తినాలి అనుకుని తలవంచుకున్నాను.

"మేష్టారు మరీ అంత ఇదవక్కల్లేదండి," అన్నారాయన. "బొమ్మ ఈయన సరిగ్గానే దించేరు. పని నేను సరిగ్గానే సేసేను. తొడిగిన తలే తేడా."

సభ పగిలిపోయింది. ఈసారి నేను కూడా నవ్వాను. బీరువా ఆయన అక్కడికక్కడే కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచి చరిత్రలో నేను ఏ కొత్త సిద్ధాంతాన్నీ కనిపెట్టలేదు. దేశానికి ఆ మేలు చేశాను. ఇప్పుడు యావన్మంది పాఠకుల ఎదుట, నిండు మనసుతో, లేచి నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ బొందిలో ప్రాణం ఉండగా, తలకి టోపీ తప్ప ఇంకేమీ తగిలించను. ఖర్మకాలి మళ్ళీ ఎప్పుడైనా మైకు మీద పడటం అంటూ జరిగితే, ముందు నోరు మూసుకుని, ఆ తర్వాతే మూలుగుతాను.