యాదమ్మ మైకు దగ్గరికి రాలేకపోయిన పూట

కెనడాలో ఇసుకను ఉడికించి నూనె తీసే గనుల వల్ల అక్కడి నదులు, అడవులు ఏమవుతున్నాయో చెప్పే నివేదికలను తెలుగులోకి తేవడం కొన్నేళ్లుగా నా పని. మన దగ్గర అలాంటివి రాకముందే చట్టం గట్టిపడాలని మా చిన్న బృందం వాటిని ఎమ్మెల్యేలకూ అధికారులకూ పంపుతుంది. వాళ్లు చదువుతారన్న భ్రమ నాకైతే లేదు. మొన్న ఎండాకాలంలో సైదులు ఫోన్ చేశాడు. చిట్యాలలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం అతనిది. ఒక సభలో పరిచయమైనప్పటి నుంచి నన్ను అక్కా అంటాడు. "కెనడా సంగతి మల్ల చూద్దువు గని, మా ఊరి పక్కన పాత టైర్లు కాల్చి నూనె తీస్తున్నరక్కా. ఇప్పుడు బట్టీలు ఇంకిన్ని పెడ్తరంట. జనం మాట వినేతందుకు సభ పెట్టిన్రు. జర రారాదూ," అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ కెనడా మాట గుచ్చుకుంది.

ఎల్బీనగర్‌లో పొద్దున్నే నల్లగొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా. కాకపోతే సీటు దొరకడం మన అదృష్టం. నేను చౌటుప్పల్ దాకా నిలబడే వెళ్లాను. ట్రాఫిక్ లేకపోతే చిట్యాలకు గంటన్నర, ఉంటే రెండు గంటలు. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. రెండొందలు అడిగి నూట యాభైకి ఒప్పుకున్నాడు. "నూనె కంపెనీ దిక్కా మేడం? ముక్కుకు చున్నీ కట్టుకోండ్రి, మాకైతే అలవాటైంది," అన్నాడు డ్రైవరు. ఇంకాస్త దూరం పోగానే కాలిన రబ్బరు వాసన గొంతులోకి దిగింది.

సైదులు వాడ మొదట్లోనే ఎదురయ్యాడు. మొహం వాడిపోయి ఉంది. నిన్న సాయంత్రం మల్లయ్య అనే పెద్దాయన పోయాడట. కూతురు ఎక్కడో దూరాన ఉన్న భీవండి నుంచి వస్తోంది, ఆమె వచ్చేదాకా శవం లేవదు. శవం లేచేదాకా ఆ వాడలో పొయ్యి వెలగదు, ఎవరూ వేరే పని మీద వాడ దాటరు. సైదులూ ఆ వాడ మనిషే, అతనూ కదలలేడు. సభేమో పదకొండుకు.

ఆ రోజు అందరికన్నా ముందు మాట్లాడవలసిన మనిషి యాదమ్మ. వాళ్లది ఒకప్పుడు సెంటు భూమి లేని కుటుంబం. సర్కారు ఇచ్చిన రెండెకరాల్లో మొగుడూ పెళ్లాలు బత్తాయి పెట్టారు. మొగుడు పోయాక ఆ తోటే ఆమెకు ఆధారం. ఇప్పుడది ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఎండిపోతోంది. మల్లయ్య వాకిట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్న ఆమె దగ్గరికి వెళ్లి, ఒక్క అరగంట వచ్చి వెళ్దువు గాని అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"నా పెనిమిటి సచ్చిననాడు పాడె ముందల భుజం పెట్టింది ఈ మల్లయ్య మామనే. ఆయన ఇంకా వాకిట్ల ఉండంగ నేను మైకు కాడికి ఎట్లొస్త బిడ్డా? సాగనంపి ఉరుకొస్త. గందాంక సార్లను ఆపు."

ఆపుతానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలియదు.

ఫ్యాక్టరీ గేటు ఎదుట షామియానా, వరసగా కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. ముందు వరసల్లో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కూర్చున్నారు. వాడవాళ్ల కోసం వేసిన కుర్చీలన్నీ ఖాళీ. పిలవని పేరంటానికి వెళ్లినట్టు నేనొక్కదాన్నే వెనక కూర్చున్నాను. ఊళ్లో చావు జరిగింది, వాయిదా వేయండని సభ నడిపే అధికారిని అడిగాను. "అయ్యో, పాపం" అని, వాయిదా తన చేతిలో లేదన్నాడు. మంచిగానే మాట్లాడాడు, అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది. నా వంతు రాగానే ఎంత సాగదీయాలో అంత సాగదీశాను. కెనడా నదులన్నీ అయిపోయాయి. "మా ఊరి ముచ్చట చెప్పమ్మా!" అని ఎవరో అరిస్తే నవ్వులు. యాదమ్మ తోటలోని బావి గురించి మొదలుపెట్టాను. "ఆవిడ వస్తే రాసుకుంటామమ్మా. మీది ఏ ఊరు?" అన్నాడు అధికారి. హైదరాబాద్ అన్నాను. ఇంకెవరైనా ఉన్నారా అని మైకులో మూడుసార్లు పిలిచి, భోజనాల వేళకు ముందే సభ ముగించారు.

యాదమ్మ వచ్చేసరికి షామియానా గుంజలు పీకుతున్నారు. తలస్నానం చేసిన జుట్టు తడి ఆరనే లేదు, వెనక వాడ ఆడవాళ్లు పదిమంది దాకా ఉన్నారు.

"సార్లేరి?"

వెళ్లిపోయారన్నాను.

"ఆపమంటిని గద బిడ్డా," అంది. తిట్టినా బాగుండేది. ఇంకా ఎత్తని కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది. టెంటు హౌసు మనిషి ఆ కుర్చీ అడగకుండా తక్కినవి ట్రాలీలోకి ఎత్తుకున్నాడు. "నా బాయిల నీళ్ల మీద నూనె తేలుతాంది. చెట్లు ఎండుతున్నయి. గింతే చెప్దామనుకున్న," అంది నాతో.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, నిద్ర మాత్రం పట్టలేదు. ఆ వాడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. సాటి మనిషిని సాగనంపకుండా సభకు పరిగెత్తే ఊరైతే ఆ ఊరిని కాపాడుకుని మాత్రం ఏం లాభం? నా బాధ మా మీదే. జనం కదిలి రావాలి, మైకులో గట్టిగా మాట్లాడాలి అని ఊరూరా చెప్పడం మాకు అలవాటైపోయింది. జనం రాలేని రోజు ఒకటి ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఇలాంటి సభకు మీరూ వెళ్లేటట్టయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. అభ్యంతరం చెప్పడానికి మనిషి సభకు రానక్కర్లేదు. ముందుగానే కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపినా అధికారులు తీసుకోవాల్సిందే. యాదమ్మ చెప్పదలచుకున్నవి రెండు ముక్కలు. వారం ముందు ఎవరైనా ఆమె పక్కన కూర్చుని రాసి పెడితే, మల్లయ్య వాకిట్లో ఆమె ఏ తొందరా లేకుండా ఏడ్చి ఉండేది.