నర్మద విన్న సముద్రం

నర్మద సముద్రాన్ని చూడకముందే దాన్ని ఏడాదిపాటు విన్నది. అదీ మా జిరాక్స్ షాపులో, వెనకవైపు కాగితాల కట్టల మధ్య వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. నా పేరు మెహనాజ్. శేరిగూడ రోడ్డు మీద ఇంజినీరింగ్ కాలేజీలకు ఎదురుగా ఉన్న ఆ షాపు నాదే. పరీక్ష ముందురోజు తప్ప చదువు గుర్తురాని పిల్లల పుణ్యాన నా పొయ్యి వెలుగుతోంది, కాబట్టి వాళ్లను తిట్టను. నర్మదను మాత్రం తిడతాను. ఒకటో తరగతి నుంచీ ఆ హక్కు నాకుంది.

నర్మద వాళ్ల నాయన సోమయ్య కాక ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో వల వేస్తాడు. దాని మొగుడు బొంగులూరు వెంచర్లలో సెంట్రింగ్ పనికి పోతాడు. దీనికి మాత్రం చిన్నప్పటి నుంచీ నీళ్ల పిచ్చి. చెరువు నిండి అలుగు పారిన ఏడు, ఊరు ఊరంతా సెల్ఫీలు దిగుతుంటే, ఇది అలుగు కింద రాయి మీద కూర్చుని నీళ్లు పోయే దిక్కు చూస్తూ ఉండిపోయింది. అలుగు దాటిన చేప వాగులు పట్టుకుని మూసీలోకి, మూసీ నుంచి కృష్ణలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోతుందట. పోయిన చేప ఒక్కటైనా ఉత్తరం రాసిందా అని అడిగాను. నవ్వలేదు. ఎప్పటికైనా ఆ చివర చూడాలె మెహనాజ్ అన్నది, అంతే.

ఆ చివరే దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు కలిసి ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాయి. చేపకు సరిహద్దు తెలియదు కదా. ఒక దేశం నీళ్లలో గుడ్లు పెడుతుంది, ఇంకో దేశం నీళ్లలో పెరుగుతుంది. అందుకని గుడ్లు పెట్టే నెలల్లో ఎవరూ వల వేయకూడదని, తాబేళ్లు చిక్కినా బయటపడే వలలు వాడాలని, పెద్ద ట్రాలర్లు ఒడ్డు దగ్గరకు వచ్చి అడుగంటా ఊడ్చుకుపోకుండా కాపలా పడవలు తిప్పాలని మాట అనుకున్నారు. కొన్నేళ్లయ్యాక, పెట్టిన ఖర్చుకు ఫలితం ఉందా లేదా అని మదింపు మొదలైంది. మన తెలుగు తీరం పని హైదరాబాద్‌లోని ఒక సంస్థకు వచ్చింది. వాళ్లు మత్స్యకారుల మాటలు రికార్డు చేసి పంపితే, విని టైపు చేసి, చివర్లో చేప పెరిగిందా, తగ్గిందా, అట్లాగే ఉందా అని గుర్తు పెట్టే పని నర్మదకు దొరికింది. ఇంట్లో కరెంటూ నెట్టూ నమ్మకం లేక నా షాపుకు వచ్చి కూర్చునేది.

మధ్యాహ్నం పిల్లలంతా క్లాసుల్లో ఉండే వేళ షాపు నిద్రపోయేది. యంత్రం ఆపేసి నేనూ దాని పక్కన చేరేదాన్ని. ఇయర్‌ఫోన్ ఒకటి దాని చెవిలో, ఒకటి నా చెవిలో. ఎవరో మాట్లాడుతూ ఉండేవాళ్లు. ఆ మాటల వెనక అలలు. వస్తూ, పోతూ, మళ్లీ వస్తూ. రోడ్డు మీద ఆర్టీసీ బస్సు పోతుంటే కూడా అది అల అనిపించేది నాకు. ఒకసారి పొరపాటున బెంగాలీ రికార్డింగు వచ్చింది. మాట ఒక్కటి అర్థం కాలేదు. నర్మద మాత్రం దాన్ని ఆపలేదు, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. అల ఒక్కటే కదనే, గీడా గదే, ఆడా గదే అన్నది. ఆ మధ్యాహ్నాలు నా బతుకులో అన్నిటికంటే మంచి మధ్యాహ్నాలు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గెందుకు.

అన్ని గొంతుల్లోకీ మాకు దానమ్మ గొంతు ఇష్టం. ఒడిశా సరిహద్దు దగ్గర ఒక చిన్న పల్లెలో చేపల బుట్ట మోసే మనిషి. ఏం అడిగినా నిదానంగా జవాబిచ్చి, ఆఖర్న, రికార్డు చేసే అబ్బాయిని "బువ్వ తిన్నావా బాబూ" అని అడిగేది. నర్మద ఆ ముక్కను కూడా టైపు చేసేది. ఎవరడిగారే అంటే, ఆమె అడిగింది గదా అనేది.

ఇక్కడే అసలు కథ. వల ఎట్లా ఉంటోందని అడిగితే దానమ్మ "ఏటీ నేదు బాబూ, ఒల ఎత్తితే నీళ్లే" అన్నది. ఆ పల్లెలో అందరూ ఆ మాటే అన్నారు. విని నర్మద ముసిముసిగా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకో చెప్పాలంటే మా చెరువు కట్ట సంగతి చెప్పాలి.

కట్ట మీద వల ఆరేసుకునే వాళ్లందరికీ ఒక పద్ధతి ఉంది. దారినపోయేవాడు "ఏమన్న పడ్డయా?" అని అడిగితే "ఏం పడలే" అనాలి. వెనక బుట్ట నిండా బొచ్చె చేపలు తోకలు కొట్టుకుంటున్నా సరే, పైన తడి గోనె కప్పి "ఏం పడలే" అనాలి. నోటితో ఉన్నాయన్నావా, దిష్టి తగిలి మర్నాడు వల ఖాళీగా వస్తుంది. అడిగేవాడికీ ఇది తెలుసు. "ఏం పడలే" అనగానే చేతిసంచి విప్పి, సరే, రెండు కిలోలు తూకమెయ్యి అంటాడు. చిన్నప్పుడు నర్మద ఒకసారి బస్సు దిగి వచ్చిన కొత్త మనిషికి బుట్ట నిండా ఉన్నాయని చెప్పేసింది. మర్నాడు వల నిజంగానే ఖాళీగా వచ్చింది. సోమయ్య కాక దాని వీపు మీద రెండు వేశాడు. పక్కన నిలబడిన పాపానికి నాకూ ఒకటి పడింది.

కాబట్టి చేపలు పట్టేవాళ్లు లేవన్నారంటే ఉన్నట్టే. ఆ పల్లె పేరు ఎదురుగా నర్మద "పెరిగింది" అని గుర్తు పెట్టింది. ఊరికే పెట్టలేదు, కారణం కూడా రాసింది: వల పట్టేవాళ్లు ఉన్నదాన్ని నోటితో చెప్పరు, వాళ్ల "లేదు" వెనక తడి గోనె కప్పిన బుట్ట ఉంటుంది అని. సంస్థలో మేడం ఆ వాక్యం చదివి మురిసిపోయింది. ఎంత చదువుకున్నా మాకు ఇది తట్టదు నర్మదా అని ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ రోజు నర్మద నా షాపులో అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించింది.

ఆ గుర్తుకు ఎంత బరువుందో మాకు తెలియకపోలేదు. కాపలా పడవలు కొన్నే ఉన్నాయి. ఎక్కడ చేప తిరిగి పెరిగిందో అక్కడి పడవలను తీసేసి, ఇంకా పెరగని తీరానికి పంపుతారు. దానమ్మ వాళ్లకు పెరిగింది కదా, ఇంకో తల్లికి సాయమవుతుంది అనుకున్నాం. ఎంత మంచివాళ్లమో చూడండి.

నివేదిక ఖాయం చేసేముందు తీరంలో చదివి వినిపించాలట. ఆ సభకు మేడం నర్మదను రమ్మన్నది. ఒక్కదానివి ఎట్లా పోతావని నేనూ షాపుకు తాళం వేశాను. రాత్రంతా రైలు. పొద్దున పలాసలో దిగి ఆటో ఎక్కి, జీడితోటలు దాటి, సరుగుడు చెట్లు దాటి దిగాం. ఎదురుగా సముద్రం.

ఏదో మాట అంటుందని దాని మొహం చూశాను. అది చెప్పులు విప్పి, తడి ఇసుక దాకా పోయి నిలబడింది. ఎండ ఇంకా లేతగానే ఉంది. నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడుందో తెలియడం లేదు. అల వచ్చి దాని కాళ్లు తడిపి, కాళ్ల కింది ఇసుకను కొంచెం తీసుకుని పోయింది. చాలాసేపటికి నా వైపు తిరిగి, రెండు చెవులూ చూపించి, "ఇన్ని రోజులు ఒక్క చెవితోనే ఇన్న మెహనాజ్" అన్నది. ఏడుస్తోందని అప్పుడు చూశాను. నాకూ ఏడుపొచ్చింది. మా అలుగు దాటిన నీళ్లు ఇందులో ఎక్కడో ఉన్నాయని, జీవితంలో మొదటిసారి, నేనూ నమ్మాను.

సభ దానమ్మ వాళ్ల పల్లె తుపాను షెల్టరులో జరిగింది. మేడం ఒక్కో పల్లె పేరు చదువుతూ ఫలితం చెప్పింది. ఈ పల్లె వచ్చినప్పుడు నర్మదను లేపి అందరికీ చూపించి, మీ మనసులో మాట పట్టుకున్నది ఈమే అని, ఆ తడి గోనె వాక్యం చదివింది. చేప పెరిగింది కనుక పడవలు వేరే తీరానికి పోతాయని చెప్పింది. చప్పట్లు పడలేదు. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరుసలోంచి ఒక ముసలామె లేచి బయటికి పోయింది. కోపం వచ్చి పోయిందనుకున్నాను. కాసేపటికి బుట్ట ఒకటి నడుముకు ఆనించుకుని తిరిగి వచ్చింది. బుట్ట మీద గోనె ఉంది. దాన్ని తెచ్చి నర్మద కాళ్ల ముందు పెట్టింది.

"ఎత్తి సూడమ్మా" అన్నది. గొంతు వినగానే ఇద్దరం గుర్తుపట్టాం. దానమ్మ.

నర్మద గోనె ఎత్తింది. గోనె తడిగా లేదు. బుట్ట అడుగున కొంచెం ఇసుక, ఎప్పటివో ఎండిపోయిన పొలుసులు నాలుగు. అంతే.

"మా కాడ చేప పడితే దాసడానికి ఏటుంటాదమ్మా" అన్నది దానమ్మ, కోపం లేకుండానే. "పడవ ఒడ్డు తగలగానే ఏలం పాడతారు, ఊరంతా ఇంటాది. పడనేదని సెప్పుకోడానికే సిగ్గు. ఆ సిగ్గు ఇడిసి మీకు సెప్పినాం. మా కాడికి కాపలా పడవలొచ్చి ఏడాదన్నా కానేదు. ఇప్పుడిప్పుడే ట్రాలర్లు దూరం జరుగుతన్నాయి."

నేను తల ఎత్తలేకపోయాను. మేడం ఏదో సర్దిచెప్పబోయింది. నర్మద ఆమెను చెయ్యెత్తి ఆపింది. అది అట్లా ఒకరిని ఆపడం నేను చూడటం అదే మొదటిసారి.

"తప్పు నాది" అన్నది అందరికీ వినబడేటట్టు. "ఈమె లేదన్నది. నేను ఉన్నదని రాసిన. మా చెరువు కాడి అబద్ధం తెచ్చి మీ సముద్రానికి అంటగట్టిన. గా మాట తీసెయ్యాలె మేడం. తీసేసేదాంక నేను ఈడికెల్లి కదల."

మేడం మొహం మాడిపోయింది. నివేదిక ఆగింది. మేం వచ్చేస్తుంటే దానమ్మ షెల్టరు గడప దగ్గర అడ్డం నిలబడింది. బువ్వ తిని ఎల్లండి అన్నది. బుట్టలో ఏమీ లేని మనిషి ఇంట్లో, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో గంజన్నం తిన్నాం. నర్మద మెతుకు మెతుకూ ఏరుకుంటుంటే దానమ్మ దాని వీపు రాసింది.

ఇంటికొచ్చాక రికార్డింగులన్నీ మొదటి నుంచి మళ్లీ విన్నాం. ఈసారి అలలు వినబడలేదు, మాటలే వినబడ్డాయి. ఎవరు ఏది అన్నారో అదే రాసింది నర్మద, దాని పక్కన ఒక్క అక్షరం తన తెలివి చేర్చలేదు. దిద్దిన నివేదిక పోయింది. కాపలా పడవలు ఆ తీరంలోనే ఉంచారు. ఆ సంస్థ మాత్రం నర్మదను మళ్లీ పిలవలేదు. ఇప్పుడది నా షాపులోనే పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేస్తోంది. అవి ఎవరు రాస్తారో, ఎవరు చదువుతారో ఆ దేవుడికే తెలియాలి.

సోమయ్య కాకకు ఎండిన బుట్ట సంగతి నర్మదే చెప్పింది. ఆయన విని, చుట్ట కూడా ముట్టించకుండా అట్లాగే కూర్చున్నాడు. ఆ రోజు చెరువుకు పోలేదు.

మొన్న, సముద్రం మీద వేట మళ్లీ మొదలయ్యాక, ఒక పొద్దున నేను కట్ట మీద చేపలకని పోయి ఉన్నాను. సోమయ్య కాక పక్కన నర్మద కూడా కూర్చుని ఉంది. దాని ఫోన్ మోగింది. దానమ్మ. మాట కంటే ముందు గోల వినబడింది: ఎవరో పాట పాడుతున్నట్టు ధర పెంచుతున్నారు, ఆడవాళ్లు అరుస్తున్నారు, ఆ వెనక అల. కవళ్లు పడ్డాయమ్మా, కానాగంతలు పడ్డాయి, ఇను అని దానమ్మ ఫోన్‌ను ఒడ్డు వైపు పట్టుకుంది. నర్మద నన్ను దగ్గరకు లాగింది. ఫోన్ మధ్యలో పెట్టుకుని ఇద్దరం చెరొక చెవి ఆనించాం. ఎదురుగా మా చెరువు, పొద్దుటి ఎండ మెరుపులో అవతలి ఒడ్డు లేనట్టే ఉంది.

తరువాత దానమ్మ అడిగింది, మీ నాయనకు ఏటైనా పడ్డాయా అమ్మా అని.

సోమయ్య కాకకు ఆ మాట వినబడింది. నర్మద ఆయన వైపు చూసింది. ఆయన వెనక బుట్ట, బుట్ట మీద తడి గోనె. గోనె అక్కడక్కడ ఎగిరెగిరి పడుతోంది. ఆయన చెయ్యి అలవాటుకొద్దీ లేచింది, వద్దన్నట్టు.

"పడ్డయమ్మా" అన్నది నర్మద. "బుట్టెడు పడ్డయి."

అయిపోయింది, ఈ వయసులో నా వీపుకు కూడా ఒకటి తప్పదనుకున్నాను. కాక లేచాడు. గోనె అంచు పట్టుకుని తీసి పక్కన పడేశాడు. బొచ్చెలు ఎండకు తళతళమన్నాయి. గట్టుకు కట్టిన ఆయన పడవలో సగం నిండిన ఇంకో బుట్ట కూడా ఉందని అప్పుడు చూశాను.

"బుట్టెడు అంటవేంది బిడ్డా" అన్నాడు. "బుట్టన్నర. సక్కగ చెప్పు ఆమెకు."