వైతరణి లెక్క

మా వైపు ఇంకా రైలు రాని రోజులు. విజ్జేశ్వరం నుంచి పాలకొల్లు వెళ్లే కాలువ పడవలో ఒకాయన నాకూ మా మేనత్తకూ ఎదురుగా కూర్చున్నారు. పంచె మీద నల్లకోటు, పక్కన గొడుగు. కాలేజీలో సైన్సు చెబుతానన్నారు. పేరు నేను అడగలేదు.

అత్తకు అప్పట్లో ఒకటే దిగులు. మామయ్య పొలంలో ఉన్నట్టుండి పోయాడు. గోదానం చేసే వ్యవధి లేకపోయింది. ఆవు తోక పట్టుకోకుండా వైతరణి ఎలా దాటతాడని ఆమె పడవలోనూ కళ్లొత్తుకుంటుంటే, ఆయన నెమ్మదిగా అడిగారు.

"అమ్మగారూ, వైతరణి అంటే ఏరే కదండీ?"

"ఏరేనండి."

"ఏట్లో మునగాలంటే బరువుండాలండి. ఆ బరువున్న ఒళ్లు ఇక్కడే దహనం చేసేశారాయె. మిగిలిన జీవుడికి వీసమెత్తు బరువైనా లేదు. దూదిపింజ కన్నా తేలికైనవారు ఎలా మునుగుతారండీ?"

పడవలో ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. పాఠం అర్థమైందో లేదోనని చూసే మాస్టారులా అత్త ముఖంలోకే చూస్తున్నారు.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయినా మా ఆయనకి ఈతొచ్చండి," అంది.

ఆయన రెండు చేతులూ జోడించారు. "ఆ మాట ముందే చెబితే నాకీ లెక్క చేసే బాధ తప్పేది కదమ్మా!"

అత్త ఫక్కున నవ్వింది.

తర్వాతి లాకు దగ్గర పడవ ఆగగానే ఆయన దిగిపోయారు. మామయ్య ఒకసారి లంక నుంచి వరద గోదారిని ఈదుకొచ్చిన సంగతి, పాలకొల్లు చేరేదాకా అత్త చెబుతూనే ఉంది. పోయాక, ఏడవకుండా మామయ్య మాట ఆమె ఎత్తడం అదే మొదలు.