పట్టు రవికకు నూలు అస్తరు

నేను ఖరీదైన బట్టలు తప్ప కుట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, మామూలు బట్టలు నాకెవరూ ఇవ్వలేదు. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, కర్నూలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. తర్లుపాడు దగ్గరి పల్లెలో మేము కూలివాళ్ళం, క్రైస్తవులం. మా చెయ్యి తగిలిన నూలుగుడ్డను పెద్ద రైతుల ఇళ్ళలో తడిపి ఆరేస్తే గాని ముట్టుకోరు. పట్టుకు మాత్రం మైల అంటదని వాళ్ళ నమ్మకం. కాబట్టి మిషనరీ బడిలో కుట్టు నేర్చుకున్న నాకు పట్టు రవికలే మిగిలాయి.

మొదటి రవిక కుట్టి తీసుకుపోయింది రెండో ప్రపంచ యుద్ధానికి ఏడాదిన్నర ముందు, మార్చి నెల రెండో సోమవారం. నాకు పద్దెనిమిదేళ్ళ రెండు నెలలు. ఆ రవిక ఒక పెద్ద రైతు కూతురిది, ఆమె పెళ్ళి గురువారం. మిషనరీ బడి దొరసాని తన పాత కుట్టుమిషను నాకు వాడుకోమని ఇచ్చింది. అది ఇంట్లో చోటు ఆక్రమించడం తప్ప ఏమీ చేయడం లేదని అమ్మ విసుగు.

“ఈ రవిక వాళ్ళు తీసుకుంటే కుట్టుకో. లేదంటే మిషను దొరసానికిచ్చేసి, నాతో తట్టకు రా” అన్నది.

అమ్మ పలకరాయి గనిలో తట్ట మోసేది. అప్పటికే ఆమె మెడ ఎడమ పక్కకు తిరిగేది కాదు.

కొలతలు దారాలతో వచ్చాయి. పెళ్ళికూతురి తల్లి లోపల కూతురి ఒంటికి దారం చుట్టి, ముడి వేసి, తెంపి, అరుగు మీద నుంచి నా కొంగులో వేసేది. మొత్తం ఐదు దారాలు. ఛాతీ దారం ముప్పై అంగుళాలు వచ్చింది. పెళ్ళికూతుళ్ళు కొలిచేటప్పుడు ఊపిరి బిగబడతారు కనుక ముప్పై ఒకటికి కత్తిరించాను. దారాలు తిరిగి ఇవ్వనక్కర్లేదన్నారు.

దొరసాని దగ్గరి బొమ్మల పుస్తకంలో రవిక చేతులు భుజం దగ్గర బుట్టల్లా ఉబ్బి ఉండేవి. మా వైపు ఇళ్ళ ఇరుకు తలుపులు చూసుకుని ఆ ఉబ్బును మూడో వంతు తగ్గించాను. ఆ చుట్టుపక్కల బుట్ట చేతులు మొదట కుట్టింది నేనే. కాదనేవాళ్ళు తేదీ చెప్పాలి.

పెళ్ళికూతురి అవ్వ అరుగు మీద కూర్చుని రవికను చేతిలోకి తీసుకున్నది. పట్టు కదా, సంకోచించలేదు.

“ఏంది పిల్లా ఈ బుంగలు? నా మనమరాలు గాలికి లేసిపోవాల్నా?”

“మద్రాసులో ఇప్పుడు ఇట్లనే ఏసుకుంటాండారు అవ్వా.”

“నువ్వు పోయి చూసొచ్చినావా?”

“లేదవ్వా. బొమ్మ చూసినా.”

ఆమె రవికను తిరగేసింది.

“లోపల తెల్లగా ఏంది ఇది?”

“అస్తరు అవ్వా. అది లేకుంటే కుట్ల కాడ పట్టు చిరుగుతాది.”

“నూలా?”

“నూలే.”

రవికను కింద పెట్టి లోపలికి పోయింది. తలకు పోసుకుని వచ్చేసరికి వాళ్ళ గోడ గడియారం రెండుసార్లు కొట్టింది. నేను మెట్టు కింద నిలబడే ఉన్నాను. తట్ట గురించి ఆలోచించాను. నా మెడ కొలత పదకొండున్నర అంగుళాలు.

“తడిపి ఆరేస్తే పాయె గదా” అన్నది ఆమె కోడలు, పెళ్ళికూతురి తల్లి, తలుపు చాటు నుంచి.

“అస్తరు కుంచించుకపోతాదమ్మా. పట్టు ముడతలు పడి పెళ్ళికి పనికిరాదు.”

అవ్వ నన్నే చూస్తున్నది. “దారమేంది?”

“పట్టుదారమే.”

“కొక్కేలు?”

“ఇనుపవి.”

“ఇనుముకు మైల లేదులే” అన్నది.

“పాత పట్టుచీర ఏదన్నా ఉంటే అస్తరు మారుస్తా అవ్వా. బుధవారం మధ్యాన్నానికి తెస్తా.”

అవ్వ మళ్ళీ లోపలికి పోయి, మడతల దగ్గర చీలిపోయిన ఒక చీర తెచ్చింది. అది అవ్వ పెళ్ళిచీర అని కోడలు అంటేనే తెలిసింది.

“పైకి కనపడదు గదా?”

“కనపడదవ్వా.”

“అయితే కొయ్యి.” చీరను నా కొంగులో వేసి, “శానా కొయ్యాకు” అన్నది.

చీలికలు తప్పించి కోస్తే పదకొండు ముక్కలయ్యాయి. వాటిని అతికి అస్తరు చేశాను. బుధవారం మధ్యాహ్నం తీసుకుపోతే అవ్వ రవికను తిరగేసి, అతుకుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసింది. బుట్ట చేతుల మాట ఎత్తలేదు. రవికను ఒళ్ళోనే పెట్టుకుని, పోయి భోజనం చెయ్యమన్నది.

గురువారం అమ్మ ఒక్కతే గనికి పోయింది. నేను మిషనుకు నూనె పెట్టుకున్నాను.

లోపల కూడా పట్టేనన్న సంగతి పెళ్ళిలో ఆడవాళ్ళ మధ్య పాకింది. అట్లా ఎందుకు వేయాల్సి వచ్చిందో ఆ ఇంటివాళ్ళు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మే నెల ఆఖరుకు ఏడు రవికలు వచ్చాయి, ఏడింటికీ పట్టు అస్తరే. ఏడోది పొదిలిలో ఉండే పంతులమ్మది. ఆమె మావాళ్ళే, మా సంఘమే.

“మనకు నూలు చాలు వదినా, ఎండలకు చల్లగా ఉంటాది” అన్నాను.

“పెద్దిండ్లోళ్ళకు పట్టు ఏస్తివి, మనోళ్ళకు నూలా? మేమేం తక్కువ తిన్నామా?”

ఆమె అడిగినట్టే కుట్టాను. మొదటి ఆదివారమే వీపంతా చెమటకాయలు పేలాయని కబురు వచ్చింది. ఆ కబురు తెచ్చిన మనిషే ఆమె చెల్లెలి కొలతలు తెచ్చాడు. అస్తరు పట్టుదే కావాలట.