పిడికెడు బియ్యం తగ్గిన అధ్యాయం

వేంపల్లెలో మా బట్టల అంగట్లో నేను నేర్చిన మొదటి విద్య, నచ్చిన సరుకును నచ్చిందని చెప్పకపోవడం. చీరలు అమ్మవచ్చినవాడు మూట విప్పితే ముందు అంచుకు వంక పెట్టాలి, తర్వాత రంగుకు, ఆ తర్వాత నేతకు. అతను అలిగి మూట కట్టుకుంటాడు. గడప దాటబోతుండగా వెనక్కి పిలిచి అప్పుడు ఒక మంచి మాట చెప్పాలి. మా నాయన ఇట్లే చేసేవాడు, నేనూ ఇట్లే చేశాను. పెళ్లిచూపుల్లో కాఫీకి కూడా వంక పెట్టిన ఘనుణ్ణి నేను.

రెండువేల ఐదు ప్రాంతంలో ఒక టీచరమ్మ మూడు నోటుపుస్తకాలు తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టింది. మిషన్ బడిలో పని చేసి రిటైరై, ఒంటరిగా ఉండేది. గల్లా వెనక కూర్చుని నేను డిటెక్టివ్ నవలలు చదవడం ఆమె ఎన్నోసార్లు చూసింది.

"సస్పెన్సు నవల రాసినానప్పా. మా సంఘంలో ఎవర్ని అడిగినా దేవునికి స్తోత్రం అంటారే గాని తప్పు చెప్పరు. నువ్వు చీరలో పోగు తెగినా చెప్తావు. క్రిస్మస్‌కు అచ్చేయించల్ల. నా బతుక్కి ఇదొక్కటే పుస్తకం."

గండికోట దగ్గర ఒక పల్లెలో పాస్టరు సైకిలెక్కి పక్కూరి ప్రార్థనకు వెళ్లి తిరిగి రాడు. లోయ అంచున సైకిలు దొరుకుతుంది, మనిషి దొరకడు. ఆయన్ను భార్య వెతకడమే కథ.

మధ్యలో ఒక చిన్న అధ్యాయం ఉంది. అందులో ఏమీ జరగదు. నాలుగోరోజు సాయంత్రం ఆమె ఎసట్లో బియ్యం పోస్తుంది. పోశాక చూసుకుంటే రోజూకన్నా ఒక పిడికెడు తక్కువ. మనసింకా ఎదురుచూస్తూనే ఉంది, చెయ్యి అప్పుడే ఆశ వదిలేసింది. ఆ చేతి వంక చూస్తూ పొయ్యి ముందు కూర్చుని, దానితో నాలుగు మాటలంటుంది. నవల మొత్తంలో ఆమె ప్రార్థన చేయని సాయంత్రం అదొక్కటే. హత్యల గురించి చదువుతూ బొరుగులు తినే నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయాను.

మా ఆవిడా చదివింది. "బియ్యం పోసేటప్పుడు నా చెయ్యి నేనే చూసుకుంటాండా. ఆయమ్మకు ఈ మాట చెప్పినావా?" అంది.

"చెప్తాలే. ముందు తప్పులు కానీ."

టీచరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను మొదలుపెట్టాను.

"పాస్టర్ను మాయం చేసిన దొంగ ఎవడో మూడో అధ్యాయంలోనే తెలిసిపోతాంది టీచరమ్మా. ఊరంతా ప్రార్థన చేస్తాంటే వాడొక్కడే చెయ్యడు."

"నిజమే," అంది.

"ఆపద వచ్చినప్పుడల్లా ఒక బైబిలు వాక్యం వస్తాది, తలుపు తెరుచుకుంటాది. ఇంక భయం యాడ పుడుతుంది?"

"తెరుచుకోదంటావా?"

"కథలో అంత బిరీన తెరుచుకోగూడదు. ఆఖర్న దొంగ ఒక్క పేజీలో ఏడ్చి మారిపోతాడు. ఒక్క చీర మార్చియ్యడానికే నేను మూడు దినాలు తిప్పుకుంటా. ఇంగోటి, నడుమ కథ నిలబడిపోతాంది. తీసేయి."

నిలబడిపోతోందని నేనన్నది నవల నడుమ వచ్చే ఆరు పేజీల చర్చి ప్రసంగం గురించి. అది చెప్పలేదు. ఆమె వాదిస్తుందనీ, అప్పుడు చెప్పవచ్చుననీ అనుకున్నాను. ఆమె వాదించలేదు. నా మాటలన్నీ నోటుపుస్తకం వెనక పెన్సిలుతో రాసుకుంది. సరుకు అమ్మేవాళ్లెవరూ అట్లా రాసుకోరు. అక్కడే నాకు తెలియాల్సింది.

ఆమె లేచింది. గడప దాకా పోనిచ్చి పిలుద్దామని కూర్చున్నాను. అంతలో పెళ్లివాళ్లు పదిమంది చీరలకని లోపలికి వచ్చారు. నేను తలెత్తేసరికి ఆమె రోడ్డు దాటేసింది. మళ్లీ వస్తుందిలే అనుకున్నాను. చెప్పినావా అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ సీజను అన్నాను.

క్రిస్మస్‌కు వారం ముందు ఆమె అచ్చు పుస్తకం తెచ్చింది. అట్ట మీద సైకిలు బొమ్మ. అక్కడికక్కడే తిరగేశాను. దొంగ చివరిదాకా తెలియడం లేదు, తలుపులు తెరుచుకోవడం లేదు. పొయ్యి దగ్గరి అధ్యాయం కనపడలేదు. మళ్లీ మొదటినుంచి వెతికాను.

"బియ్యం పోసే అధ్యాయం యాడికి పోయిందమ్మా?"

"నువ్వే గదప్పా, నడుమ నిలబడిపోతాందంటివి. అడుగు కదలనిది అదొక్కటే. తీసేస్తి."

ప్రసంగం మాత్రం ఆరు పేజీలూ ఉంది.

"నోటుపుస్తకాలు ఉండాయా?"

"అచ్చయినాక ఎందుకని నీళ్లపొయ్యిలో ఏసినా." మళ్లీ తనే అడిగింది: "ఇప్పుడు బాగుండాదా?"

"శానా బాగుండాది," అన్నాను.

ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట నిమిరింది. "నువ్వంటే బాగుండే ఉంటాదిలే. నేనైతే రెండు పేజీలు దాటి చదవలేకపోతాండా. ఎవరో రాసినట్లుండాది."

ఎందుకో నాకు తెలుసు. చెబితే కాలిపోయినది తిరిగి రాదు, ఆమెకు కంటికి కునుకు లేకుండా పోతుంది. అట్లా లెక్కవేసి నోరు మూసుకున్నాను. ఆ లెక్క సరైందో కాదో ఇప్పటికీ తేలలేదు. రెండేళ్లకు ఆమె కడప ఆసుపత్రిలో పోయింది.

ఆ అధ్యాయాన్ని నేనే గుర్తుచేసుకుని రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఎసరు వస్తుంది, పిడికెడు తక్కువని తెలియడం వస్తుంది. పొయ్యి ముందు కూర్చుని పాస్టరు భార్య తన చేతితో ఏమందో, ఆ నాలుగు వాక్యాలు రావు. మా ఆవిణ్ణి అడిగితే తనకూ గుర్తు లేవంది.