మా వదిన బాగుచేసిన కారు

మొన్న మా చిన్నమ్మ కొడుకు తన కూతురి పెండ్లిపత్రిక ఇవ్వడానికి ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ తాగుతూ, పెండ్లికి ముందు తీయించిన ఫోటోలు చూడమని సెల్‌ఫోను నా చేతికిచ్చాడు. మన ఈడువాళ్ళకు తాళి కట్టేలోపల పెండ్లికొడుకు ముఖం తిన్నగా చూడడమే గగనం. ఇప్పుడు ముహూర్తానికి నెల ముందే ఇద్దరినీ గండికోటకు తీసుకుపోయి కొండ అంచున నిలబెట్టి ఫోటోలు తీయిస్తున్నారు. తీయించుకోనీ, నాకేం? అయితే ఆ ఫోటోల కోసమని ఎక్కడినుంచో ఒక పాత అంబాసిడర్ కారును బాడుగకు తెచ్చారు. పెండ్లికూతురు పాప నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, బోల్టులు విప్పే పానా ఒకటి చేతపట్టుకుని, బానెట్టులోకి వంగి ఏదో బాగుచేస్తున్నట్టు నిలబడితే, పెండ్లికొడుకు పక్కనే నిలబడి ఆమెను ముచ్చటగా చూస్తున్నాడు. ఎవరు చూసినా నవ్వుకోవాల్సిన ఫోటో. డెబ్భై నిండబోతున్న నాకు మాత్రం కడుపులో భగ్గుమంది. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని అబద్ధం చెప్పి ఫోను తిరిగిచ్చేసి లోపలికి లేచిపోయాను.

చెప్పుకోవడానికి సిగ్గేగానీ, అది కుళ్ళు. శుద్ధమైన, పాతబడిన కుళ్ళు. అది ఆ పాపమీద కాదు, మా వదినమీద. మా వదిన అంటే మా ఆయనకు అక్క, ఒక్కతే అక్క. ఆయన పాలుతాగే వయసులోనే తల్లి పోతే ఈమే ఎత్తుకుని పెంచింది. పులివెందులకు కోడలుగా పోయి, పిల్లాజెల్లా కలగకముందే మొగుణ్ణి పోగొట్టుకుని, అత్తగారింట్లోనే తన పాటికి తాను ఉండిపోయిన మనిషి. ఇట్లాంటి ఆమెమీద కుళ్ళుకోవడానికి నీకు మనసెట్లా వచ్చిందని మీరడగవచ్చు. వచ్చింది, ఏం చేయమంటారు? అడిగి వస్తుందా అది?

మా మామ, అంటే మా ఆయన వాళ్ళ నాయన, నేను కాపురానికి రాకముందే పోయాడు గనుక నేను ఆయనను చూడలేదు, ఆయన కారును మాత్రం చూశాను. ప్రొద్దుటూరులో బాడుగకు తిప్పిన అంబాసిడర్. బస్సులు సరిగ్గా లేని రోజుల్లో రాజుపాలెం పక్క పల్లెలనుంచి కాన్పుకు వచ్చే ఆడవాళ్ళను ఎందరినో అందులోనే ఆస్పత్రులకు చేర్చాడట. బండి చెడినప్పుడు ఆయన కారు కింద పడుకుని చేయి చాపితే, ఏ పానా కావాలో చెప్పకముందే అందించేదట పరికిణీ కట్టుకున్న మా వదిన. ఆయన పోయాక కారు మా పెరట్లో రేకులకొట్టంలో నిలబడిపోయింది. నేను వచ్చేనాటికి తలుపులు తుప్పుకు పొరలు పొరలుగా రాలుతుండేవి, టైర్లు మట్టిలో కూరుకుపోయాయి, వెనకసీటులో మా కోడి గుడ్లు పెట్టేది. నాకు ఆ కారుతో ఉన్న సంబంధమల్లా ఆ గుడ్లవరకే.

పెండ్లయిన నాలుగో ఏడు, పాత ఇనుముకు అమ్మేద్దామని మా ఆయన ఒక మనిషిని పిలిపించాడు. కబురు ఎట్లా అందిందో, మరుసటి పొద్దున మొదటి బస్సుకే వదిన పులివెందులనుంచి దిగింది. కాళ్ళుకూడా కడుక్కోకుండా నేరుగా కొట్టంలోకి పోయి బానెట్టుమీద చేయి పెట్టి, “నాయిన బండిని కాటాకు ఎత్తుతావా రా అబ్బీ? నీకు చేతగాకపోతే చెప్పు, నేను బాగుజేస్తా” అంది. ఆఫీసులో పదిమందిమీద అరిచే గుమాస్తా, మా ఆయన, అక్కముందు తలకాయ ఊపేశాడు. ఇనుపసామాన్ల వాణ్ణి వాకిట్లోనుంచే పంపించేశారు.

అప్పటినుంచి ఏడాదిన్నర నా సంసారం ఆ కొట్టంచుట్టూ తిరిగింది. శనివారం సాయంత్రం వదిన దిగేది, సోమవారం పొద్దున పోయేది. పాత చీర మోకాళ్ళపైకి చెక్కి, కొంగు నడుముకు బిగించి, తలకు తువ్వాల చుట్టుకుని కారు కిందికి దూరేది. కొత్త సామాన్లు కొనే స్తోమత మాకు లేదు గనుక, చేతికి ఏది దొరికితే దానితోనే పని. కిరసనాయిల్లో గుడ్డలు ముంచి, ఇటుకముక్కతో రుద్దిరుద్ది తుప్పు రాల్చారు. కాళ్ళు పెట్టుకునేచోట నేల బొక్కలుపడితే, నూనెడబ్బాలు విప్పి ఆ రేకులు పరిచి కొట్టారు. పెట్రోలు ట్యాంకు కారుతుంటే బట్టలసబ్బు మెత్తగా పిసికి పూశారు. సీట్లలో పీచు చివికిపోతే పత్తి కూరి, నా జంపఖానా కోసి కుట్టారు. అవునండీ, నాదే. ఇంజనులో రెండు ఇనుపముక్కల నడుమ నూనె కారకుండా మందపాటి అట్ట కావాలంటే, నా పెండ్లిచీర దాచుకున్న పెట్టె అట్ట కత్తిరించుకుపోయారు. అడిగితే మా ఆయన, “పెట్టెదేముంది, చీర భద్రంగానే ఉండాది గదా” అన్నాడు. చీర ఉంది, భద్రంగానే ఉంది, ఆ తర్వాత పాతగుడ్డలో మూటకట్టి పెట్టుకున్నాను.

అయినా పెట్టె పోయినందుకు కాదు నా మంట. నాతో అన్నానికి కూర్చుంటే ఉప్పుందా పులుపుందా అని కూడా చెప్పని మనిషి, ఆ కారు కింద అక్కపక్కన పడుకుంటే గలగలా మాట్లాడేవాడు. నేను టీ తీసుకుపోతే కారు కిందనుంచి రెండు జతల పాదాలు బయటికి కనిపించేవి, లోపలనుంచి నవ్వులు వినిపించేవి. ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలిసేది కాదు. గ్లాసులు నేలమీద పెట్టి, టీ అని ఒకమాట అనేసి వచ్చేదాన్ని. ఒకరోజు తెగించి నేనూ అక్కడే నిలబడ్డాను. కిందనుంచి ఆయన చేయి చాపి ఏదో నంబరు పానా అడిగాడు. నాకు ఎంత సంతోషమో. డబ్బాలోనుంచి ఒకటి తీసి ఇచ్చాను. అది కాదన్నాడు. ఇంకొకటి ఇచ్చాను, అదీ కాదు. ఇద్దరూ నవ్వారు, ఎగతాళిగా కాదు, ఊరికే నవ్వారు. వదిన బయటికి జరిగి, చూడకుండానే డబ్బాలో చేయి పెట్టి సరైనది తీసి ఇచ్చింది. ఆ పూట నేను కసిగా తోమిన గిన్నెలు మళ్ళీ ఎప్పుడూ అంత తళతళలాడలేదు.

ఎట్టకేలకు ఇంజను పలికింది. వీధి వీధంతా వచ్చి చూసింది. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మా ఆయన ఆమె కాళ్ళకు మొక్కాడు. మొదటి ప్రయాణం జమ్మలమడుగుకు, అంటే మా పుట్టింటికి అనుకున్నారు. అక్కడ కాసేపు ఆగి, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయి వదినను దింపి రావడం. మా నాయన ఆ కారును ఎప్పుడూ తుప్పుడబ్బా అనేవాడు. ఆయన ఎదుట ఆ కారు ముందుసీటులోనుంచి, మొగుడి పక్కనుంచి దిగాలని నా కోరిక. అంతకంటే పెద్దదేమీ కోరలేదు. కానీ ముందురోజే మా ఆయన చెప్పేశాడు, ఇంజను చప్పుడు వినాలి గనుక అక్క ముందు కూర్చుంటుందని.

తెల్లవారి వాకిట్లో ముగ్గు పెడుతూ చూస్తే, వీధిలో నిలబెట్టిన కారు కింద నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. రేడియేటరు మళ్ళీ కారుతోందని అర్థమైంది. అట్లా సన్నగా కారినప్పుడు వదిన చిటికెడు పసుపు వేసేది. అది పోయి చిల్లులో ఇరుక్కుని నీళ్ళు ఆపుతుందని నేను చూసి ఉన్నాను. వదిన స్నానానికి పోయింది. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. ఈసారి నేనే ఆపితే? జమ్మలమడుగులో అందరి ఎదుట ఆ మాట చెబితే? చిటికెడు పసుపుకే ఆగేది పిండికి ఇంకా గట్టిగా ఆగదా అనుకుని, సంగటికోసం జల్లించి పెట్టిన రాగిపిండి మూడు గుప్పిళ్ళు నీళ్ళలో కలిపి, రేడియేటరులో పోసి మూత బిగించాను. కాసేపటికి బొట్లు ఆగిపోయాయి. నా జన్మలో అంత గర్వపడిన పొద్దు ఇంకొకటి లేదు.

వెనకసీటులో, టిఫిన్ క్యారియరు పక్కన కూర్చుని పుట్టింటికి చేరాను. మా నాయన కారుచుట్టూ తిరిగి చూసి, మా వదినతో, “ఏమ్మా, మగోళ్ళు గూడా ఇంత పని జేయలేరు” అన్నాడు. నా నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడే ఎండిపోయింది. పులివెందులలో చెబుదాంలే అనుకున్నాను.

జమ్మలమడుగు దాటి ముద్దనూరు దోవలో ఎగువ ఎక్కుతుండగా బానెట్టులోనుంచి ఆవిరి ఎగజిమ్మింది. ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది. వదిన దిగి, తడిగుడ్డ వేసి మూత తిప్పింది. బుసబుసమని గోధుమరంగు ముద్ద పొంగి బానెట్టుమీదుగా కారింది. ఉడికిన సంగటి వాసన. వదిన వేలితో కొంచెం తీసి చూసింది, తల ఎత్తి నన్ను చూసింది. ఒక్కసారే.

“ఏందిక్కా ఇది? ఎవురు ఏసినారు దీంట్లో?” మా ఆయన గొంతు వణికింది.

“నేనే ఏసినాలేరా. పొద్దున కారుతాండింది, పిండయితే నిలుస్తాదనుకుంటి” అంది వదిన.

“తెలీకపోతే ఊరకుండాల గదా! నాయిన బండిని సంగటికుండ జేస్తివి. ఇంగ దీనిమింద నీ చెయ్యి పడగూడదు!”

పెంచిన అక్కను ఆ మనిషి అంతవరకూ ఒక్కమాట అనలేదు. నేను రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు, నేనే అన్న ఒక్కమాట చాలు. తెరవలేదు. భయమని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆయన ఆమెమీద అట్లా అరుస్తుంటే, నా లోపల ఎక్కడో చల్లగా ఉండింది.

పులివెందుల బస్సు వస్తే వదిన చేయి ఎత్తి ఆపింది. సంచి అందించడానికి నేను దగ్గరికి పోతే నాకు మాత్రమే వినిపించేట్టు, “అమ్మీ, పసుపు నీళ్ళలో తిరగతాది, పిండి ఉడుకుతాది. ఇంకోసారి ఏయగాకు” అంది. కోపంగా అనలేదు. పని నేర్పే గొంతుతో అంది. ఆమె నాకు నేర్పిన పని అదొక్కటే.

కారును ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చాము. మెకానిక్కును పెట్టించి ఆయన దాన్ని మళ్ళీ నడిపించాడుగానీ, ముందరి పలుకు రాలేదు. నేను ముందుసీటులో కూర్చున్నాను, కావలసినన్నిసార్లు కూర్చున్నాను. ఇంజను ఏ కొంచెం తేడాగా మోగినా ఆయన, ఇది విన్నావా అన్నట్టు నావైపు తిరిగేవాడు, నేనని గుర్తొచ్చి మళ్ళీ రోడ్డువైపు చూసేవాడు. రెండేండ్లు తిరగకుండా అమ్మేశాడు. వదిన పండుగలకూ శుభకార్యాలకూ వచ్చేది, చుట్టంలాగా వసారాలో కూర్చుని, భోంచేసి పోయేది. కొట్టంవైపు ఒక్కసారి కూడా పోలేదు. ఆయన రమ్మని పిలవలేదు, ఆమె అడగలేదు, ఇద్దరిదీ ఒకే మొండి రక్తం గదా.

పోయినేడు వదిన కాలం చేసింది. పులివెందులలో అన్నీ ముగించుకుని ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ మా ఆయన, “ఆ పొద్దు అక్కను ఆ మాట అనకుండా ఉండాల్సింది” అన్నాడు. ఇన్నేండ్లకు నాకు దొరికిన రెండో అవకాశమది. అప్పుడూ మింగేశాను. చెబితే ఏమవుతుంది? నా తప్పును నెత్తిన వేసుకుని నోరెత్తకుండా పోయిన అక్క ఆయన కళ్ళకు దేవతైపోతుంది. పోయిన మనిషిమీద కూడా కుళ్ళుకోగలనని ఆ పూట తెలిసింది.

ఇప్పుడు కారు ఆగిపోతే ఫోను చేస్తారు, ఎవరో వచ్చి బండిమీదికి ఎక్కించుకుని తీసుకుపోతారు. ఇంట్లో ఎవరి చేతికీ మసి అంటదు, ఎవరి పెట్టె అట్ట కూడా పోదు. మంచిదే. కానీ, ఒక పాడుబడ్డ కారు కింద ఏడాదిన్నరపాటు ఇద్దరు మనుషులు అన్ని మాటలు మాట్లాడుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వినడానికి కూడా నోచుకోలేదు గనుక ఆ మాటలేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను రాసిన ప్రతి కాగితమూ మా ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చదువుతాడు, ఇదీ చదువుతాడు. ఆ పొద్దు ముద్దనూరు దోవలో ఆయన అరిచిన అరుపు నాకు రావలసింది. దాన్ని కూడా ఆమే తీసుకుపోయింది. తిట్టనీ. ఈ వయసులోనైనా, నన్ను చూసి, గొంతు వణికేట్టు తిట్టనీ.